సైనైడ్ దిబ్బ మీద కుచ్చిళ్ళు

మీరు గట్టిగా నమ్మే సంగతి ఒకటి తీసుకోండి. దేవుడైనా సరే, మీ పార్టీ అయినా సరే, మీరు రాసుకున్న సమీకరణమైనా సరే. రేపు ఏం జరిగితే అది తప్పని ఒప్పుకుంటారు? "ఏం జరిగినా ఒప్పుకోను" అన్నది మీ జవాబైతే మీతో నాకు పేచీ ఉంది. ఆ పేచీ ఎలా పెట్టుకోవాలో నేను కోలారు బంగారు గనుల ఊళ్ళో, ఒక దిబ్బ కింద, మా బావ ఊపిరి పణంగా పెట్టి నేర్చుకున్నాను.

గనులు మూతపడి అప్పటికి కొన్నేళ్ళయింది. మా అక్కావాళ్ళు గని కార్మికులకు కంపెనీ వరసగా కట్టించిన పాత లైను ఇళ్ళలో మొదటి ఇంట్లో ఉండేవారు. నేనూ వాళ్ళతోనే ఉండి, పొద్దున రైల్లో బెంగళూరు వెళ్ళి ఒక పరిశోధనశాలలో పనిచేసి, సాయంత్రం రైల్లో తిరిగి వచ్చేదాన్ని. అక్క బడి టీచరు. బావ గనిలో సర్వే పనిమీద రోజూ కిందికి దిగినవాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. గుమ్మం నుంచి కొళాయి దాకా నడవాలన్నా మధ్యలో గోడ పట్టుకుని ఆగేవాడు.

ఇంటి వెనక సైనైడ్ దిబ్బ. సైనైడ్ కలిపి బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడిని తరాల తరబడి పోసిన గుట్ట అది. అంతకు ముందటేడు పెద్దవానకు దాని చెంప కరిగి బురద ఇళ్ళలోకి వచ్చింది. బురదను ఎత్తిపోశాం. ఆపద ఆ తర్వాత వచ్చింది. గోడ సందుల్లో, పరుపుల్లో, గూళ్ళలో మిగిలినదంతా ఎండి పొడిగా లేచింది. బావను ఆసుపత్రిలో చేర్చాం. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అక్కను పక్కకు పిలిచి, ఇంకొకసారి ఆ దుమ్ము ఇంట్లో చేరితే మనిషి దక్కడని చెప్పాడు. ఇల్లు మారదామంటే, ఖాళీ చేసినవాళ్ళకు ఆ కంపెనీ ఇల్లు ఎప్పటికైనా సొంతమవుతుందన్న ఆశ పోయినట్లే. లైనులో ఎవరికీ ఇంకో చోటు లేదు.

అందుకే ఆ ఏడు వానలు ముదరకముందే దిబ్బ పాదం వెంట కాలువ తవ్వి, తీసిన మట్టితో గట్టు వేయాలని లైనంతా కూర్చుని తీర్మానించింది. తవ్వే చేతులకు కొదవ లేదు. బతుకంతా భూమిని తవ్వినవాళ్ళే.

ఆషాఢం గాలి జోరుగా ఉన్న ఒక ఆదివారం పొద్దున గడ్డపారలతో, పారలతో అందరం దిబ్బ కింద చేరాం. మొదటి పోటు పడబోతుండగా పెద్దాయన చెయ్యెత్తాడు. లైను చివరింటి మనిషి ఆయన. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనిచేసి రిటైరైనాడు.

"ఆగండప్పా. పైకి చూడండి."

చూశాం. పొద్దుటి ఏటవాలు ఎండలో దిబ్బ చెంప నిండా అలలు. ఒక గట్టు, ఒక గాడి, మళ్ళీ గట్టు. అన్నిటి మధ్య ఒకటే ఎడం. కొలిచి మడిచినట్టుంది.

"గంగమ్మ కుచ్చిళ్ళు అవి. నిన్న లేవు. అమ్మ వచ్చి కూర్చున్నాది. ఆమె కోక అంచు మీద గడ్డపార ఏస్తారా? వద్దు."

ఆ ఒక్క మాటకు పారలన్నీ దిగిపోయాయి. ఎవరూ వాదించలేదు. బయటివాళ్ళకు ఇది పిరికితనంగా కనిపిస్తుంది. కాదు. గనిలో ఒక కట్టుబాటు ఉండేది. కింద పనిచేసే జట్టులో ఒక్కడు "వద్దు" అంటే జట్టంతా ఆగాలి. కారణం అడగకూడదు. రాయి చిటుక్కుమన్న చప్పుడు అతని చెవికే పడి ఉండవచ్చు. కారణాలు చెప్పుకునే లోపల కప్పు కూలవచ్చు. మళ్ళీ "సరే" అనే హక్కు కూడా ఆ వద్దన్నవాడిదే. ఆ కట్టుబాటు ఎన్నో ప్రాణాలు కాపాడింది. గనులు మూతపడ్డాయి గానీ ఆ కట్టుబాటు వాళ్ళ ఒంట్లోంచి పోలేదు. బండరాయి కింద అక్కరకొచ్చిన పద్ధతిని ఎండలో, ఇసుక దిబ్బ ముందు, ఒక నమ్మకానికి కాపలా పెట్టారు.

అక్క నా వైపు చూసింది. ఎందుకంటే ఆ అలలే నా చదువు.

మా పరిశోధనశాలలో చేసేది ఇది. ఆర్గాన్ వాయువు పరమాణువులకు విద్యుదావేశం ఇచ్చి, పుంజంగా, మహావేగంతో, నున్నటి సిలికాన్ పలక మీదికి ఏటవాలుగా కొట్టిస్తారు. అలా ఆవేశం ఎక్కిన పరమాణువునే అయాన్ అంటారు. దెబ్బకు పలక పైపొరలోని పరమాణువులు ఊడిపోతాయి. పలక అరుగుతుంది. అరిగి ఇంకా నునుపు కావాలి గదా? కాదు. దాని మీద వరసగా అలలు లేస్తాయి. ఒక అలకూ ఇంకో అలకూ మధ్య ఎడం వెంట్రుక మందంలో వెయ్యో వంతుకు అటూఇటూ ఉంటుంది. ఎవరూ గీయరు. గీయగల గోరు ఎవరికీ లేదు.

అవి ఎందుకు వస్తాయో సమీకరణంగా రాసి, కంప్యూటరులో నడిపించి చూడడం నా పని. సూత్రం సులువు. పలక మీద ఎక్కడో చిన్న గుంట ఉంటుంది. అయాన్లు లోపలికి దిగి విడిచిన శక్తి గట్టు కింద చెదిరిపోతుంది, గుంట కింద పోగవుతుంది. కాబట్టి గుంట ఇంకా లోతవుతుంది. మరోవైపు పైపొరలో వదులుగా ఉన్న పరమాణువులు గట్టు దిగి గుంటలోకి జారి పూడుస్తుంటాయి. తవ్వేది ఒకటి, పూడ్చేది ఒకటి. మరీ దగ్గరి అలలను పూడిక మింగేస్తుంది. మరీ దూరపు అలలు పెరగడానికి ఆలస్యం చేస్తాయి. మధ్యలో ఒక ఎడం గెలుస్తుంది. అదే అంతటా పరుచుకుంటుంది.

గాలి వేరు, అయాన్ పుంజం వేరు. గాలికి రేణువు ఎగిరి ఇంకోచోట పడుతుంది, అయాన్ దెబ్బకు పరమాణువు పలకను విడిచిపోతుంది. రెండిటి సమీకరణాలూ ఒకటి కావు. కానీ రెండిట్లోనూ గీసే చెయ్యి లేదు. నాకు అది చాలు అనిపించింది.

మా నాన్న కంపెనీ ఆఫీసులో గుమాస్తా. ఆయన బతికున్న రోజుల్లో ఆదివారాలు నన్ను పఠన మందిరంలో జరిగే వాదాలకు తీసుకెళ్ళేవాడు. కులం మీద, మూఢాచారాల మీద, విధవా వివాహం మీద అక్కడ నిప్పులు చెరిగేవారు. నియమం ఒకటే. ఎదుటివాడి మాటను ముందు నువ్వు చెప్పాలి. "అదే నా మాట" అని అతడు తలూపాకే ఖండించాలి. ఆ నియమంతోనే ఆ సాయంత్రం అదే మందిరంలో లైను వాళ్ళందరి ముందు నిలబడ్డాను.

"తాత చెప్పేది ఇది. ఇంత క్రమం తనంతట తాను రాదు. క్రమం ఉందంటే చేసిన చెయ్యి ఉంది. ఆ చెయ్యి అమ్మది. అంతేనా తాతా?"

"అదే," అన్నాడు పెద్దాయన.

తర్వాత పలకల బొమ్మలు చూపించాను. తవ్వేదీ పూడ్చేదీ వివరించాను. నేను బాగా మాట్లాడగలను. ఆ రోజూ బాగానే మాట్లాడాను. చప్పట్లు కూడా కొట్టారు. పెద్దాయన చప్పట్లు ఆగేదాకా ఊరుకుని అడిగాడు.

"ఆ కుచ్చిళ్ళు చెరిపేస్తే మళ్ళా వస్తాయా పాపా?"

"వస్తాయి. గాలి ఇట్లే వీస్తే ఇదే ఎడంతో వస్తాయి."

"సరే, చూస్తాం."

చెరపడానికి ఎవరూ ముందుకు రాలేదు. అక్కే చీర చెంగు దోపుకుని, గోనెపట్టా లాక్కుంటూ దిబ్బ ఎక్కి, మంచమంత మేర నున్నగా చేసి దిగింది. కింద ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని చూశారు. గాలి వీచింది. కొన్నాళ్ళకు అలలు మళ్ళీ లేచాయి. అదే ఎడం. నేను చెప్పినట్టే.

కొళాయి దగ్గర పక్కింటామె అందరికీ వినబడేటట్టు అంది. "చూస్తిరా? టీచరమ్మ చెరిపితే అమ్మ మళ్ళా కట్టుకున్నాది. పాప గూడా అదే చెప్పె గదా, మళ్ళా వస్తాదని. ఆమెకు గూడా ఎరికే."

నా జోస్యం ఫలించింది, నా వాదం ఓడింది. అప్పుడే పసుపు కుంకుమలు దిబ్బ పాదాన చేరాయి. ఇంటికొచ్చి మూల కూర్చున్నాను. బావ మంచం మీద దిండుకు ఆనుకుని, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ అన్నాడు.

"నువ్వు చెప్పినట్లే వచ్చె. ఆయప్ప చెప్పినట్లు గూడా వచ్చె. ఇంగ యాడికి పోతావు?"

"నవ్వకు బావా."

"నవ్వడానికి గాలి యాడుండాది నాకాడ."

అక్క వంటింట్లోంచి రాలేదు. ఆకాశం మీద మబ్బు కనిపిస్తే చాలు, ఆ ఇంట్లో మాటలు ఆగిపోతున్న రోజులవి.

ఆ రోజుల్లోనే మా పరిశోధనశాలలోనూ ఇలాంటి గొడవే నడుస్తోంది. నేను నడిపిస్తున్న పాత సమీకరణం ప్రకారం అయాన్లు ఏ కోణంలో తగిలినా పలక మీద ఏదో ఒక అల్లిక రావాలి. నిటారుగా కొట్టిన పలకల మీద నిజంగానే చుక్కల అల్లిక కనిపించింది. సమీకరణం నిలిచిందని సంబరపడ్డాం. తర్వాత ఇతర చోట్ల మరీ శుభ్రంగా ప్రయోగం చేసినవాళ్ళకు పలక నున్నగానే మిగిలింది. పలకను పట్టి ఉంచే ఉక్కు బిళ్ళల నుంచి ఊడిన లోహపు రేణువులే ఆ చుక్కలకు కారణమని తేలింది. అంటే మేము చూసినది మేము అనుకున్నదానికి సాక్ష్యం కానే కాదు.

మా పరిశోధన గైడుది కోలారు దగ్గరి టేకల్ వైపు పల్లె. లెక్క ఇంగ్లీషులో చెప్పి, తిట్లు తెలుగులో తిట్టేవాడు. నేను కొత్త బొమ్మలు తీసుకెళ్ళి, అలలు వచ్చాయి సార్ అంటే కాగితాలు పక్కకు తోశాడు.

"వస్తాదని ఎవురైనా చెప్తారు. గుళ్ళో పూజారి గూడా చెప్తాడు. యాడ రాదో చెప్పు. ఏ కోణం కాడ నిలిచిపోతాదో చెప్పు. రానిచోటు చెప్పలేని మాడల్ను నా బల్ల మీద పెట్టొద్దు."

సాయంత్రం రైల్లో ఆ మాటే చెవిలో మోగింది. మందిరంలో నేను చేసింది సరిగ్గా పూజారి పనే. వస్తుందన్నాను. పెద్దాయన కూడా వస్తుందనే అన్నాడు. ఇద్దరం ఒకే మాట చెప్పినప్పుడు ఇసుక ఎవరి పక్షాన సాక్ష్యం చెప్పాలి? మా ఇద్దరి మాటలూ విడిపోయే చోటు కావాలి.

రైలు దిగి తిన్నగా లైను చివరింటికి వెళ్ళాను. పెద్దాయన అరుగు మీద విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తున్నాడు.

"తాతా, మాట్లాడాల."

"ఈడ స్టేజీ లేదు గదమ్మా."

"లేదు గాబట్టే వచ్చినా."

కాస్త జరిగి చోటిచ్చాడు. "నీ మాట నాకు అర్థం కాలేదనుకుంటాండావు. అయింది. నువ్వు గాలి అంటివి. ఆ గాలిని పంపించేది ఎవురని నేను."

"సరే, అమ్మే పంపిస్తాది అనుకుందాం. అమ్మ కోక కట్టుకోవాలంటే గాలిని అడగాల్నా?"

"ఎందుకడుగుతాది?"

"గాలి తగలని చోట గూడా కట్టుకోగలదా?"

"ఆమెకు అడ్డం యాడుండాది పాపా?"

"తడిక అడ్డం కాదు గదా?"

ఆయన చేతులు ఆగాయి. నేను కొనసాగించాను. దిబ్బ మీద ఒక మేర అంతా నున్నగా చేస్తాం. సగానికి గాలివైపు తడికలు పాతుతాం. మిగతా సగం వదిలేస్తాం. గాలి చేసే పనైతే తడిక వెనక అలలు రావు. అమ్మ కుచ్చిళ్ళైతే రెండువైపులా రావాలి.

పెద్దాయన చేతిలోని కాయ ఒలిచి చేటలో వేశాడు. తర్వాత నిదానంగా అన్నాడు. "అమ్మ లేదని నా నోటితో అనిపియ్యాలని చూస్తాండావు. అనను. తడిక ఎనక రాకుంటే, అవి కుచ్చిళ్ళు కావని ఒప్పుకుంటా. వద్దన్న మాట ఎనక్కి తీసుకుంటా. అంతే. అమ్మ లేదనే మాట నువ్వు గూడా నా అరుగు మీద అనొద్దు."

నా ఒళ్ళు మండింది. నేను పెరిగిన వాదాల్లో సగం గెలుపు అనేది లేదు. వేరుతో సహా పెకలించాలని నేర్చుకున్నాను. నాలుక చివరిదాకా మాట వచ్చింది. అప్పుడు నాకు కావలసింది ఆయన దేవత మీద గెలుపా, మా కాలువా అని నన్ను నేను అడుక్కున్నాను. మింగేశాను.

"సరే తాతా."

"వస్తే? తడిక ఎనక గూడా వస్తే నువ్వేం జేస్తావు?"

ఈ ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. కానీ ఒకరినే ఓడిపోగల చోట నిలబెట్టి నేను గట్టు మీద కూర్చుంటే అది పరీక్ష కాదు. "వస్తే నా మాట తప్పు. ఇంగ కాలువ మాట ఎత్తం. బావను తీసుకుని ఇల్లు ఖాళీ చేసి పోతాం."

ఇంట్లో ఈ సంగతి చెప్పగానే అక్క చేతిలో గరిటె పక్కన పెట్టింది.

"నన్ను అడక్కుండా నా ఇల్లు పందెం పెట్టినావా?"

"పందెం కాదే," అన్నాడు బావ మంచం మీదినుంచి. "ప్రయోగం. పందెమైతే నేను ఇంగా పెద్దదే కాసేవాణ్ణి."

అక్క నవ్వలేదు. "గాలి నీ మాట వింటాదా? తడిక ఎనక సుళ్ళు తిరిగి నాలుగు గీతలు పడితే ఏం జేస్తావు? ఈయన్ను యాడ పడుకోబెడ్తావు?" తడిక అంచుల దగ్గర గాలి ఎలా ప్రవర్తిస్తుందో నేను లెక్కగట్టలేదు. నాకు తెలిసిన లెక్కలు అయాన్లవి.

మరునాడు అనుకున్న మేర నున్నగా చేసి తడికలు పాతాం. ఏది ఎంత పొడవుండాలో పెద్దాయనా నేనూ కలిసి నిర్ణయించాం. అంచు దగ్గరి మూరెడు మేర ఎవరి లెక్కలోకీ రాదని ముందే ఒప్పుకున్నాం. ఎవరూ చెయ్యి పెట్టకుండా పగలంతా ఆయనే కింద గొడుగు వేసుకుని కూర్చున్నాడు. నా వైపు మనుషుల మీద ఆయనకు అనుమానం. ఆయన మీద నాకు అనుమానం. అక్క బడికి సెలవు పెట్టి ఆయనకెదురుగా కూర్చుంది. మధ్యాహ్నం ఇద్దరికీ మజ్జిగ ఆమే పోసింది.

గాలి పడిపోయింది.

ఆషాఢంలో అలా ఆగడం నేను చూడలేదు. ఆకు కదలలేదు. నున్నటి మేర రెండువైపులా నున్నగానే ఉంది. మరుసటి రోజూ అంతే. బేతమంగళ దిక్కున మబ్బు నల్లగా గడ్డకట్టింది. పక్కింటామె వచ్చి, అమ్మకు కోపమొచ్చి లేచిపోయిందని ప్రకటించి వెళ్ళింది. జనం పారలు తీసుకుని రావడం, పెద్దాయన మొహం చూడడం, తిరిగిపోవడం. ఆయన ఒక్క మాట అంటే చాలు. అనలేదు. అడగనూ లేదు నేను. గాలి లేకుండా తేలేది ఏమీ లేదని మా ఇద్దరికీ తెలుసు. బావ ఆ రెండు రోజులూ కిటికీ వైపు తిరిగే పడుకున్నాడు. మబ్బు చెమ్మకు దగ్గు ఎక్కువైంది. ప్రతి దగ్గూ దిబ్బ దాకా వినబడినట్టే ఉండేది నాకు.

మూడో రోజు మధ్యాహ్నం దుమ్ము లేచింది. వానకు ముందు వచ్చే గాలి. తడికలు ఊగాయి. ఒకటి ఒరిగింది. అక్కా పెద్దాయనా ఇద్దరూ ఒకేసారి పరిగెత్తి దాన్ని చెరో వైపు పట్టుకున్నారు. ఎవరి పక్షం ఎవరిదో ఆ క్షణంలో చెప్పడం కష్టం. నేను ఇసుక కళ్ళలో పడుతుంటే నిలబడి చూశాను. తెరిచి ఉన్న వైపు ముందు సన్నని గీతలు, తర్వాత గట్లు. ఒకదాని వెంట ఒకటి, అదే ఎడం. తడిక అంచున కొంచెం ఇసుక కుప్పపడింది. దాని వెనక ఏమీ లేదు. నునుపు.

పెద్దాయన దిబ్బ ఎక్కాడు. తడిక వెనక వంగి అరచేయి ఆనించాడు. ఇటు వచ్చి అలల మీద ఆనించాడు. మళ్ళీ అటు వెళ్ళాడు. మేమంతా కింద నిలబడ్డాం. నాకు గెలిచినట్టు అనిపించలేదు. ఆయన ఇప్పుడు మాట తప్పితే నేను చేయగలిగింది ఏమీ లేదు.

కిందికి దిగి, దుమ్ము దులుపుకుని అన్నాడు. "కుచ్చిళ్ళు కావు. గాలి గీతలే. సరే. తవ్వండప్పా."

నిమిషంలో పారలు మట్టిలో దిగాయి. ఆ మనుషులు తవ్వుతుంటే చూడాలి. పిలుపులు లేవు, కేకలు లేవు. ఒకరు గడ్డపార ఎత్తితే ఇంకొకరు పార వేశారు. సాయంత్రానికి చినుకులు మొదలయ్యాయి. వానలోనే తవ్వారు. అక్కా నేనూ మట్టి తట్టలు మోశాం. పెద్దాయన గట్టుకు దుంగలు ఆనించే చోట్లు చూపించాడు. మొదటి ఇంటి దగ్గర, అంటే మా ఇంటి దగ్గర, కాలువ లోతు చాలకముందే వాన ముదిరింది. గోనెసంచుల్లో మట్టి నింపి అడ్డం పేర్చాం. దిబ్బ చెంప జారింది. పాలలా తెల్లని బురద కాలువ నిండా ఉరికి, చివరన వంక వైపు మళ్ళింది. కొంత సంచులు దాటి మా పెరట్లోకి వచ్చింది. వంటింటి మెట్టు దగ్గర ఆగింది. ఇంట్లోకి రాలేదు.

పెరట్లోని బురదను ఎండకముందే కడిగేశాం. ఆ చలికాలం బావ ఆసుపత్రికి పోకుండా ఇంట్లోనే ఉన్నాడు, మంచం మీదైనా మాట్లాడుతూ, నన్ను ఏడిపిస్తూ.

పెద్దాయన అమ్మకు మొక్కడం మానలేదు. నేను మొక్కలేదు. దిబ్బ పాదాన పసుపు ఇప్పటికీ ఎవరో పెడుతుంటారు. అది చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కానీ ఏటేటా వానలకు ముందు కాలువ పూడిక తీయడానికి పసుపు పెట్టిన చేతులే వస్తాయి. మందిరంలో నాకు పడిన చప్పట్లు ఒక్క తట్ట మట్టి కూడా ఎత్తలేదు. అరుగు మీద జరిగిన మాట కాలువ తవ్వించింది.

కాబట్టి చదివి ఊరుకోవద్దు. మీ వీధిలోనూ ఒక పని ఆగి ఉంటుంది, ఎవరో ఒకరు వద్దన్నందుకు. టీకా కావచ్చు, ఇంటికో మరుగుదొడ్డి కావచ్చు, పిల్ల చదువు కావచ్చు. ఆ మనిషి మీద వ్యాసం రాయకండి, సభ పెట్టకండి. ఈ రోజే ఆయన ఇంటికి వెళ్ళండి. ఆయన మాటా మీ మాటా విడిపోయే చోటు ఇద్దరూ కలిసి వెతకండి. ఓడిపోతే మీరేం వదులుకుంటారో ముందు మీరు చెప్పండి. తర్వాత లేచి, తడిక మీరే మోయండి.